ఖాళీగా వస్తే పికప్ ఎగిరెగిరి పడుతోంది, సీటు కింద జుమ్మంటోంది: ముందు ఏం చూడాలి?

తమ్మీ, నువ్వు రాసింది నాకు అర్థమైంది ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొన్నావు. గుర్రంపోడు వైపు నుంచి నల్లగొండకు బత్తాయి కిరాయిలు కొడుతున్నావు. లోడుతో పోయేటప్పుడు బండి బాగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం ప్రతి గుంతకూ వెనక భాగం ఎగిరి పడుతుంది. స్పీడు 60 దాటితే సీటు కింద, ఫ్లోర్‌లో జుమ్మని అదురు మొదలవుతుంది, స్టీరింగ్ మాత్రం నిలకడగానే ఉంటుంది. ఇంటికొచ్చేసరికి నడుం పట్టేస్తోంది. మెకానిక్ నాలుగు షాకబ్జర్లూ మార్చమన్నాడు, దోస్తు మందంగా స్పాంజి సీటు కుట్టించుకోమన్నాడు.

ఆ రెండింటికీ ఇప్పుడే పైసలు పెట్టకు. ముందు బండి కిందికి దూరి వెనక కమాన్ పట్టీలు, అంటే వెనక యాక్సిల్ దగ్గర బండి బరువు మోసే ఉక్కు పట్టీలు లెక్కపెట్టు. పక్కన అదే మోడల్ బండి ఎవరిదైనా ఉంటే దాని పట్టీలు కూడా చూడు. నీ దాంట్లో ఒకటో రెండో ఎక్కువ ఉంటాయని నా అనుమానం.

నేనూ ఇదే రూట్లో పికప్ నడుపుతున్నా. నాకు అమ్మినాయన దాంట్లో ఇటుక తోలేవాడు. లోడుకు కుంగకుండా ఉండాలని రెండు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వేయించాడు. పాత పట్టీలు తుప్పు రంగులో ఉంటే అది మాత్రం వేరే రంగులో, కొంచెం మందంగా కనిపించేది. మన దిక్కు ఇటుక, ఇసుక, వడ్లు తోలిన బండ్లలో ఇది చాలా మామూలు. పట్టీ బిగువు దాని మందాన్ని బట్టి మామూలుగా పెరగదు, చాలా ఎక్కువగా పెరుగుతుంది. వెడల్పు, పొడవు అవే ఉండి మందం రెట్టింపైతే బిగువు 8 రెట్లు అవుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ ఉండాల్సిన చోట 8 మిల్లీమీటర్లది వేస్తే ఆ ఒక్క పట్టీయే రెండు రెట్ల కంటే ఎక్కువ బిగువు చూపిస్తుంది. టన్నుకు పైగా లోడు ఉన్నప్పుడు అది వంగుతుంది కాబట్టి నీకు తేడా తెలియదు. ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని వంచే బరువే లేదు. గుంత దెబ్బంతా ఛాసిస్‌కు, అక్కణ్నుంచి నీ నడుముకు వస్తుంది.

ఇక ఆ జుమ్మనే సంగతి. చాలామంది కుదుపునూ అదురునూ ఒకటే అనుకుంటారు. కుదుపు రోడ్డు నుంచి వస్తుంది. అదురు బండిలో తిరిగేదాని నుంచి వస్తుంది, అందుకే నున్నటి హైవే మీద కూడా ఉంటుంది. పికప్ టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.2 మీటర్లు పోతుంది. అంటే 60 స్పీడులో చక్రం సెకనుకు ఏడెనిమిది చుట్లు తిరుగుతుంది. చక్రంలో లోపం ఉంటే స్టీరింగో బాడీయో గడగడా ఊగినట్టు తెలుస్తుంది. ఇంజన్ వైపు నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే పొడవాటి కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్, దానికి సుమారు నాలుగింతలు, అంటే సెకనుకు 30 చుట్ల దాకా తిరుగుతుంది. దాని లోపం ఊగినట్టు ఉండదు, తుమ్మెద రొద లాగా కింద జుమ్మంటుంది. నువ్వు చెప్పింది రెండోది.

ఇక్కడే ఆ అదనపు పట్టీ మళ్లీ తగులుతుంది. షాఫ్ట్ చివర్లలో వంగి తిరిగే కీలును క్రాస్ అంటారు. అది వంకర కోణంలో తిరిగితే షాఫ్ట్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం అందుకుని రెండుసార్లు తగ్గుతుంది. ముందు క్రాస్, వెనక క్రాస్ కోణాలు సరిగ్గా కుదిరితే ఒకదాని తేడాను ఇంకోటి కొట్టేస్తుంది. కంపెనీ ఆ కోణాలను తన పట్టీల ఎత్తుకు లెక్కకట్టి పెడుతుంది. పట్టీ ఎక్కువైతే ఖాళీ బండి వెనక భాగం పైకి లేస్తుంది, కోణం మారుతుంది, అదురు పుడుతుంది. లోడు ఎక్కితే బండి కిందికి దిగి కోణం దాదాపు సరిపోతుంది, అదురు పోతుంది. లోడుతో బాగుండి ఖాళీగా ఉన్నప్పుడే జుమ్మంటోందన్నావు కదా, ఆ ఒక్క మాటతోనే నా అనుమానం అటు పోయింది.

నా బండికి ఆ అదనపు పట్టీ తీయమంటే కమాన్ మేస్త్రీ ముందు ఒప్పుకోలేదు. "తీస్తే లోడుకు కూర్చుంటది, మళ్లీ నా దగ్గరికే వస్తవ్" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఇప్పుడు వడ్లు ఎక్కిస్తే బండి మునుపటికంటే కిందికి కనిపిస్తుంది. కానీ బండి ఎంత బరువు మోయాలో పట్టీలు ఒక్కటే చెప్పవు. యాక్సిల్, బేరింగ్, టైర్లు, అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకులు చెప్తాయి. పట్టీ వేసినంత మాత్రాన బ్రేకు పెరగదు. పైగా మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయల ఫైను, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. దారిలో ఒక్కసారి ఆపితే ఎన్ని బత్తాయి కిరాయిలు పోతాయో లెక్క వేసుకో. పట్టీ తీసేశాక నాకు కుదుపు సగానికి తగ్గింది, జుమ్మనడం దాదాపు పోయింది. ఇంకో లాభం నేను అనుకోలేదు. మార్కెట్లో దించేటప్పుడు అడుగున కమిలిన కాయ తగ్గింది. బత్తాయి తోలేవాడికి అది చిన్న సంగతి కాదు.

తీయించేటప్పుడే కట్ట మొత్తం విప్పించు. పట్టీల మధ్య తుప్పు పేరుకుంటే అవి ఒకదాని మీద ఒకటి జారవు, చిన్న గుంతలకు కట్టంతా ఒకే ఇనుప దిమ్మెలా పనిచేస్తుంది. గీకించి గ్రీజు పెట్టించు. మధ్యలో ప్లాస్టిక్ లేదా రబ్బరు ప్యాడ్లు ఉన్న మోడల్ అయితే గ్రీజు వద్దు. కమాన్ చివర బండికి తగిలించే చోట ఉండే షాకిల్ బుష్‌లు అరిగి ఉంటే అప్పుడే మార్చేయ్, పెద్ద ఖర్చు కాదు. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్ట్ కూడా చూడమను. అది తెగితే యాక్సిల్ పక్కకు జరుగుతుంది, బండి వంకరగా నడుస్తుంది.

షాకబ్జర్ల గురించి మీ మెకానిక్ చెప్పింది పూర్తిగా తప్పు అనను. షాకబ్జర్ బరువు మోయదు, ఎగిరిన బండిని త్వరగా ఆపుతుంది, అంతే. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి పైకీ కిందికీ ఊగుతూనే ఉంటే అది పోయినట్టు. ఆయిల్ కారుతున్నా అంతే. గుంతల రోడ్డు మీద కాసేపు నడిపి ఆపి, జాగ్రత్తగా తాకి చూడు. పనిచేసేది వెచ్చగా ఉంటుంది, చచ్చింది చల్లగా ఉంటుంది. పోతే ఆ యాక్సిల్‌కు ఉన్న రెండూ కలిపి మార్చు, నాలుగూ అక్కర్లేదు.

గాలి విషయంలో మనవాళ్లు లోడుకు నింపిన గాలితోనే ఖాళీగా కూడా తిరుగుతారు. డోర్ దగ్గర స్టిక్కర్‌లో గానీ బుక్కులో గానీ ఖాళీకి, లోడుకు వేర్వేరు లెక్క ఇచ్చి ఉంటే దాన్నే పాటించు. పొద్దున బండి తీయకముందే చూడాలి. 60 పీఎస్ఐ ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే రెండు, రెండున్నర పీఎస్ఐ పెరుగుతుంది. మన 45 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం చూసి గాలి తీసేస్తే మర్నాడు తక్కువవుతుంది. వరికోతలప్పుడు పొలంలోకి దిగావంటే రిమ్ము లోపల బురద ఎండి గట్టిపడుతుంది. దానితో చక్రం ఊగుతుంది. చక్రాల బ్యాలెన్సింగ్‌కు ఇచ్చే ముందు నీళ్లు కొట్టి అది వదిలించు, చాలాసార్లు ఆ ఊపు అక్కడితోనే పోతుంది.

స్పాంజి సీటు మాత్రం వద్దే వద్దు. కూర్చున్న మనిషి వెన్నుకు సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే పైకీ కిందికీ ఊపు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. మందపాటి మెత్తటి స్పాంజి ఆ దగ్గర్లో ఊపును తగ్గించకపోగా పెంచుతుంది, పెద్ద గుంతకు అడుక్కి తగులుతుంది కూడా. సీటు కింద తెగిన స్ప్రింగులు బాగు చేయించుకుని, ఒక మాదిరి గట్టి ఫోమ్ వేయించుకో. వెనక జేబులో పర్సు తీసేయ్. ఇంకోటి, బండి దిగగానే క్రేట్లు ఎత్తకు. కాసేపు నడిచి, నడుం సాగాక ఎత్తు. కాలు తిమ్మిరెక్కినా, నొప్పి కాలి కిందికి పాకినా మెకానిక్‌ను వదిలి డాక్టర్‌ను చూడు.

పట్టీ తీశాక కూడా 60 దాటగానే జుమ్మంటే షాఫ్ట్ మధ్యలో ఉండే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో, క్రాస్‌లు అరిగి లూజు అయ్యాయేమో చూడమను. షాఫ్ట్ ఊడదీస్తే విప్పకముందే రెండు వైపులా సున్నంతో గీత పెట్టించి, అదే గీత కలిపి బిగించమను. అటుఇటుగా బిగిస్తే కొత్త అదురు మొదలవుతుంది. షాఫ్ట్ బ్యాలెన్సింగ్ అవసరమైతే హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. కమాన్ కట్ట బిగించాక రెండు మూడు లోడ్లు తోలి కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు మళ్లీ ఒకసారి టైట్ చేయించు, పట్టీలు సర్దుకున్నాక అవి వదులవుతాయి. వెనక కమాన్ ఫొటో తీసి పెడితే ఏ పట్టీ తీయాలో నేనే చూసి చెప్తా.