యూస్డ్ టు: మానేసిన పనా, అలవాటైన పనా?

ప్రశ్న: ఇంటర్వ్యూలో దినచర్య అడిగితే ‘ఐ యూస్డ్ టు గెటప్ ఎట్ ఫైవ్’ అన్నాను. ‘మరి ఇప్పుడు మానేశారా?’ అన్నారు. ‘ఐ యామ్ యూస్డ్ టు’ అనాల్సిందా?

జవాబు: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కాకపోతే దానర్థం ‘ఐదింటికి లేచేవాణ్ణి’ అని. ఇప్పుడు లేవట్లేదన్న ధ్వని అందులో ఉంది కాబట్టే వాళ్లకు ఆ సందేహం వచ్చింది. ఇప్పటికీ లేస్తుంటే ‘ఐ గెటప్ ఎట్ ఫైవ్’ చాలు. ఇప్పటి సంగతి కదా అని కొందరు ‘డి’ తీసేసి ‘ఐ యూజ్ టు గెటప్’ అంటారు. ఈ ప్రయోగానికి వర్తమాన రూపమే లేదు.

‘ఐ యామ్ యూస్డ్ టు’ సంగతి వేరు. అక్కడి ‘టు’ మన ‘కి’ విభక్తి లాంటిది. దాని తరవాత నామవాచకమో ‘ఇంగ్’ రూపమో రావాలి: ‘ఐ యామ్ యూస్డ్ టు నైట్ షిఫ్ట్స్’, ‘ఐ యామ్ యూస్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్’. అంటే అలవాటైపోయింది, ఇబ్బంది లేదు అని. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగింది మీరు ఎన్నింటికి లేస్తారని. దానికి ఇదీ సరైన జవాబు కాదు.

అనుమానమొస్తే ‘టు’ పక్కన ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ యామ్ యూస్డ్ టు ఇట్’ కుదిరింది కదా, అక్కడ ‘ఇంగ్’ రావాలి. ‘ఐ యూస్డ్ టు ఇట్’ కుదరదు, అక్కడ మామూలు క్రియే.

మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ‘ఐ యామ్ యూస్డ్ టు డ్రైవ్’. ‘దిస్ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ వెజిటబుల్స్’ అంటే ఈ కత్తిని కూరగాయలు తరగడానికి వాడతారని. అదే అచ్చులో మనిషిని పెడితే, డ్రైవింగుకు నన్ను వాడుతున్నారని చెప్పినట్టవుతుంది! పలకడంలోనూ తేడా ఉంది: వాడకం అయితే ‘యూజ్డ్’, అలవాటైతే ‘యూస్‌టు’.

ప్రశ్న: ‘ఐ యూస్డ్ టు వర్క్ ఇన్ చెన్నై ఫర్ త్రీ ఇయర్స్’ తప్పని మా టీచరుగారన్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. ఎంతకాలమో, ఎన్నిసార్లో లెక్క చెప్పేటప్పుడు సాదా భూతకాలం వాడాలి: ‘ఐ వర్క్‌డ్ ఇన్ చెన్నై ఫర్ త్రీ ఇయర్స్’. మనమూ ‘మూడేళ్లు పనిచేశాను’ అనే అంటాం కదా. లెక్క లేకపోతే ‘ఐ యూస్డ్ టు వర్క్ ఇన్ చెన్నై’ చక్కగా సరిపోతుంది.

‘డిడ్’ వస్తే మాత్రం రాతలో చివరి ‘డి’ తీసేయాలి: ‘ఐ డిడ్ నాట్ యూస్ టు లైక్ కాఫీ’. చెవికి తేడా తెలియదు కాబట్టి పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. ఇక ‘యూస్డ్ టు’కి బదులు ‘వుడ్’ వాడొచ్చు గానీ, పదేపదే చేసిన పనులకే. ‘దేర్ యూస్డ్ టు బీ ఎ వెల్ హియర్’ అన్నచోట ‘వుడ్’ పనికిరాదు. బావి ఉండటం ఒక స్థితి, పని కాదు.