లైన్ ఎత్తుని నమ్మకు తల్లీ

గుంటూరు

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

మిర్చి కోల్డ్ స్టోరేజీల గాలి తెచ్చి, అందులో చల్లదనానికి వాడే అమ్మోనియా ఎంతుందో మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీతో, అంటే గ్యాసు ఏ మైక్రోవేవ్‌ని ఎంత పీల్చుకుంటుందో చూసి, తేలుస్తావట, మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. లీకున్న గదిలో నువ్వు కాలు పెట్టడానికి వీల్లేదు. శాంపిల్ అక్కడి ఆపరేటర్లే మాస్కు పెట్టుకుని పట్టివ్వాలి. ఇందులో బేరాల్లేవు.

కె-బ్యాండ్ వేవ్‌గైడ్ సెల్ (మైక్రోవేవ్‌లు సాగే లోహపు గొట్టం, గ్యాసు ఉండేది అందులోనే), మైకా కిటికీలు, పంపులు నీకు తెలిసినవే. ముందు 23,870 మెగాహెర్ట్జ్ దగ్గర వెతుకు, అమ్మోనియాకి బలమైన లైన్, అంటే అది మైక్రోవేవ్‌ని గట్టిగా పీల్చుకునే చోటు, అదే. నైట్రోజన్ కనపడదు, దానికి డైపోల్ (అణువులో ఒక కొస ప్లస్, ఒక కొస మైనస్) లేదుగా. పీడనం 3 పాస్కల్స్ చాలు. ఎక్కువైతే లైన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, మరీ తగ్గిస్తే మైక్రోవేవ్ పవర్‌కే సాచురేట్ అవుతాయి, అంటే పవర్ పెరిగినకొద్దీ అంతకు తగ్గట్టు పీల్చుకోలేవు. సెల్‌కి ముందు పవర్ని 10 డెసిబెల్స్, అంటే పదో వంతుకి, తగ్గించి చూడు, శోషణ శాతం పెరిగిందా, అది సాచురేషనే. పీడనం కొలిచే పిరానీ గేజ్ గ్యాసుని బట్టి మాట మారుస్తుంది, దాని బదులు కెపాసిటెన్స్ మానోమీటర్ పెట్టు.

ఇక అసలు సంగతి. ఈ పనిలో అందరూ పడే గుంట, లైన్ ఎత్తు చూసి గాఢత రాసెయ్యడం. శుద్ధ అమ్మోనియాలో పీడనం రెట్టింపు చేసినా ఎత్తు పెరగదు. అణువులు రెట్టింపైతే వాటి ఢీలూ రెట్టింపై, లైన్ పక్కకి పరుచుకుంటుంది. మిశ్రమంలో ఇంకో తిరకాసు: అమ్మోనియాని అమ్మోనియా ఢీకొంటే వచ్చే వెడల్పు, నైట్రోజన్ ఢీకొంటే వచ్చేదానికి కొన్ని రెట్లుంటుంది. అందుకే గాఢత ముందే తెలిసిన పలచని మిశ్రమంతో క్యాలిబ్రేట్ చేసి, చిక్కటి శాంపిల్‌ని ఎత్తు చూసి దాంతోనే కొలిస్తే తక్కువ చూపిస్తుంది. లీకు విషయంలో తక్కువ చెబితే ఎవరి ఊపిరితిత్తులు పోతాయో ఆలోచించు. కోప్పడుతున్నాననుకోకు. లైన్ కింది వైశాల్యం కొలువు. క్యాలిబ్రేషన్ మిశ్రమాలు రెండు మూడు గాఢతల్లో, అదే మొత్తం పీడనం దగ్గర ఉండాలి.

గోడలూ దొంగలే. సెల్ మూసి ఊరుకుంటే అమ్మోనియా లోహానికి అంటుకుని, చూస్తుండగానే లైన్ కుంగుతుంది. ఆ అంటుకున్నది తర్వాతి శాంపిల్లో బయటపడుతుంది. అందుకని గ్యాసు పారుతూ ఉండగానే కొలువు, మధ్యలో పొడి నైట్రోజన్‌తో కడిగి ఖాళీ రీడింగ్ తియ్యి. మన ఊళ్ల ఉక్కపోతలో నీటి ఆవిరీ అలాగే గోడలకి అంటుకుంటుంది, తడి అమ్మోనియా ఇత్తడిని తినేస్తుంది కూడా. ఖాళీ రీడింగ్‌లో లైన్ మిగిలితే ఇంకా పంపు చెయ్యి, శాంపిల్ ఎక్కించకు.

ఆదివారం వచ్చేటప్పుడు క్యాలిబ్రేషన్ గ్రాఫులు కాగితం మీద తీసుకురా. ఫోన్లో పంపితే నా కళ్లకి ఆనవు.

మీ పెదనాన్న