బాస్కెట్‌బాల్‌లో ఏ పొజిషన్‌కి ఏ నైపుణ్యం ముఖ్యం?

నా దృష్టిలో ఎక్కువ భారం జట్టు ఆటను నడిపించే పాయింట్ గార్డ్ మీదే. బంతి వైపు చూడకుండా రెండు చేతులతోనూ డ్రిబుల్ చేయగలగాలి, అంటే బంతిని నేలకు కొడుతూ కదలగలగాలి. తల దించాడంటే ఖాళీగా ఉన్న సహచరుడు కనబడడు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జాన్ స్టాక్టన్ 15,806 అసిస్టులు (సహచరుడి స్కోరుకు దారితీసే పాసులు) చేయగలిగింది ఆ చూపు వల్లే.

షూటింగ్ గార్డ్‌కి దూరం నుంచి గురి, డిఫెండర్‌ని వదిలించుకునే పరుగు కావాలి. స్మాల్ ఫార్వర్డ్‌కి అన్నీ కొంత కొంత రావాలి. పవర్ ఫార్వర్డ్‌కి రీబౌండ్లు, అంటే గురి తప్పిన షాట్ల బంతిని అందుకోవడం, ముఖ్యం.

సెంటర్‌కి ఎత్తుంటే చాలనుకుంటారు, చాలదు. షాట్ గాల్లో ఉండగానే ప్రత్యర్థిని వీపుతో అడ్డుకుని రింగ్ దగ్గర చోటు పట్టాలి. పాసింగ్ కూడా వస్తే ఇక తిరుగుండదు: 2023లో డెన్వర్ నగ్గెట్స్‌ని ఛాంపియన్‌గా నిలిపిన నికోలా యోకిచ్ సెంటరే, జట్టు ఆటంతా అతని పాసుల మీదే నడిచింది.