నానోట్యూబులను ఎపాక్సీలో కలపడానికి ఎంతసేపు సోనికేట్ చెయ్యాలి?

"కార్బన్ నానోట్యూబులు ఎపాక్సీలో సమంగా కలవాలంటే ప్రోబ్ సోనికేటర్ కింద ఎన్ని నిమిషాలు పెట్టాలి?" అని అడిగారు. (నానోట్యూబులంటే కార్బన్‌తో ఏర్పడిన అతి సన్నని గొట్టాలు. ఎపాక్సీ అంటే హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్. ప్రోబ్ సోనికేటర్ అంటే అల్ట్రాసౌండ్ కంపనాలతో ఉండలను విడగొట్టే మిషన్.) నిమిషాల లెక్కతో తేలే విషయం కాదిది. చివరికి తయారయ్యే ఎపాక్సీ ముక్కతో మీకేం కావాలి? బలమా, కరెంటు పారడమా? ముందు అది తేల్చుకోండి.

మా ల్యాబులో ఒక జూనియర్ ఎపాక్సీ ప్లేట్లు పోసేది. హార్డెనర్ కలపకముందు ఒక చుక్క తీసి, రెండు గాజు పలకల మధ్య నొక్కి మైక్రోస్కోపులో చూస్తే ఎక్కడా ట్యూబుల ఉండ కనిపించలేదు. అదే మిశ్రమం ఓవెన్లో గట్టిపడి బయటికొచ్చేసరికి నిండా నల్లటి దీవులు! సోనికేషన్ చాలలేదేమో, ఇంకాసేపు పెడతానంది. వద్దన్నాను. హార్డెనర్ కలిపిన చుక్కను మైక్రోస్కోపు కిందే వేడిచేసి చూశాం. వేడెక్కేకొద్దీ రెసిన్ పలచబడింది. అంతవరకూ కదలకుండా ఉన్న ట్యూబులు ఒకదాని వైపు ఒకటి జరిగి, మా కళ్ళముందే గుంపులు కట్టాయి. రెసిన్ బిగుసుకునేలోపే అంతా అయిపోయింది. సోనికేటర్ తన పని సరిగ్గానే చేసింది, చెడిందల్లా ఆ తర్వాతే.

ఇందులో వింతేమీ లేదు. ఒంటిగోడ (ఒకే పొర కార్బన్ ఉన్న) ట్యూబులు రెండు పక్కపక్కన అతుక్కుంటే, పొడవులో ప్రతి నానోమీటరుకూ సుమారు 0.5 ఎలక్ట్రాన్ వోల్టుల బంధం. ఒక మైక్రాన్ పొడవుకే అది 500 అవుతుంది. గది వేడిమి ఇవ్వగలిగేది 0.025. ఒకసారి అతుక్కున్నాక వాటంతటవి విడిపోవడం కల్ల.

తక్కువ వేడిలో ముందు రెసిన్‌ను గడ్డకట్టనిచ్చి, తర్వాతే పూర్తి వేడి ఇచ్చాం. దీవులు బాగా తగ్గాయి, ప్లేటు బలం పెరిగింది. కానీ కరెంటు కొలిస్తే, దీవులు కట్టిన పాత ప్లేటులోనే బాగా పారింది! ట్యూబులు కొంచెం దగ్గరకు చేరితేనే ఒకదాన్నొకటి తాకుతూ దారి ఏర్పడుతుంది మరి. ఒక్కో ట్యూబునూ రెసిన్ చుట్టేస్తే ఆ దారి తెగిపోతుంది. అందుకే మీకేం కావాలో ముందు చెప్పమన్నాను.

పేపర్లు రాసేవాళ్ళ మీద నాకు పెద్ద ఫిర్యాదే ఉంది. "30 నిమిషాలు సోనికేట్ చేశాం" అని రాసి వదిలేస్తారు. ఎన్ని వాట్లు? ఎన్ని మిల్లీలీటర్లు? ప్రోబ్ కొన ఎంత వెడల్పు? మిల్లీలీటరుకు ఎన్ని జౌల్‌ల శక్తి ఇచ్చారో చెప్తే తప్ప ఆ ప్రయోగం మరొకరు మళ్ళీ చెయ్యలేరు. మిషన్ మీద కనిపించే వాట్లను కూడా నమ్మొద్దు. నీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఎంత వేడెక్కాయో కొలిస్తే అసలు లెక్క తెలుస్తుంది. సమయం పెంచుకుంటూ పోతే ట్యూబులు ముక్కలవుతాయి. మనం డబ్బు పోసి కొనేదే ఆ పొడవును! ప్రోబ్ కొన అరిగి టైటానియం రేణువులు కూడా మిశ్రమంలో కలుస్తాయి. ట్యూబులను సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాల్లో ఉడికిస్తే నీళ్ళలో చక్కగా కలుస్తాయని సంబరపడతారు కానీ, గోడలు దెబ్బతిని వాహకత పడిపోతుంది. కరెంటు కావాలనుకునేవాళ్ళు ఆ జోలికి పోకూడదనే నా గట్టి అభిప్రాయం.

ట్యూబులను రెసిన్‌లో కలిపేముందు విడదీయడానికి వాడే సాల్వెంట్ (ద్రావకం) విషయానికొస్తే, ఎసిటోన్ త్వరగా ఎగిరిపోతుందని అందరూ అదే పడతారు. ట్యూబులు అందులో సరిగ్గా నిలవవు, కాసేపటికే అడుగుకు చేరతాయి. ఎన్ఎంపీ అనే మరో ద్రావకంలో బాగా నిలుస్తాయి, కానీ దాని మరుగు స్థానం 202 డిగ్రీలు. రెసిన్ నుంచి పూర్తిగా వదిలించలేక, మిగిలిపోయిన కాస్తతో ప్లేటు మెత్తబడుతుంది. పైగా గర్భస్థ శిశువుకు హాని చేసే ద్రావకం, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబు అర) లేకుండా ముట్టుకోకండి. మీ రెసిన్ చిక్కగా ఉంటే సాల్వెంట్ మాటే ఎత్తకుండా త్రీ రోల్ మిల్లులో (మూడు రోలర్ల మధ్య మిశ్రమాన్ని నలిపే మిషన్లో) వేయండి. రోలర్ల మధ్య సందు దఫదఫాకూ తగ్గిస్తూ పోండి. ప్రతి దఫా తర్వాత, హార్డెనర్ కలిపాక మళ్ళీ, ఒక్కో చుక్క గాజు పలక మీద చూడండి.