ఈమును నిప్పుకోడి అనవచ్చా?

సందేహం: మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టులో ఆస్ట్రేలియా ఈమును 'నిప్పుకోడి' అని రాశాడు. టీచర్ అది కొట్టేసి 'ఉష్ట్రపక్షి' అని దిద్దారు. ఏది సరైనది? 'ఈములు' అనాలా, 'ఈమూలు' అనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ కావమ్మా. నిప్పుకోడి అన్నా, ఉష్ట్రపక్షి అన్నా ఆఫ్రికాలో ఉండే ఆస్ట్రిచ్చే. మీవాడు తెలుగులో చేసిన పొరపాటునే టీచరుగారు సంస్కృతంలోకి మార్చారు, అంతే.

ఉష్ట్రం అంటే ఒంటె. ఆ పొడుగు మెడ, పొడుగు కాళ్లు చూసి చాలామందికి ఒంటే గుర్తొచ్చింది. ఫార్సీ నుంచి హిందీలోకి వచ్చిన శుతుర్‌ముర్గ్, మలయాళంలోని ఒట్టకపక్షి, రెంటికీ అర్థం 'ఒంటెపక్షి'. శాస్త్రనామంలోనూ 'కమేలస్' ఉంది. మనమూ, 'తీక్కోళి' అనే తమిళులూ మాత్రం ఒంటెను వదిలి నిప్పును పట్టుకున్నాం. ఆ పక్షి నిప్పుకణికలు మింగి అరిగించుకుంటుందని పాతకాలపు నమ్మకం. అరబ్బుల రాతల్లోనూ ఈ మాట ఉంది. నిజానికి అది మింగేది గులకరాళ్లను. పళ్లు లేవు కదా, మేతను కడుపులో నూరుకోవడానికి అవి కావాలి. మన పెరటి కోడి ఇసుక రేణువులు ఏరుకునేదీ అందుకే.

ఇక ఈము సంగతి. ముందు పాదం చూడమనండి: నిప్పుకోడికి రెండే వేళ్లు, ఈముకు మూడు. నిప్పుకోడి 9 అడుగుల దాకా పెరిగి 100 కిలోలు దాటుతుంది. ఈము ఆరడుగులకు కాస్త అటూ ఇటూ. దాని గుడ్డు ముదురాకుపచ్చగా ఉంటుంది, నిప్పుకోడిది మీగడ రంగు. నాకు నచ్చిన తేడా మరొకటి ఉంది. ఈముల్లో గుడ్లు పొదిగేది మగపక్షి. దాదాపు 8 వారాలు మేత మానేసి గూట్లోనే కూర్చుంటుంది. మనకు పొదగడం అంటే పెట్టే గుర్తొస్తుంది కాబట్టి అలవాటుకొద్దీ 'తల్లి ఈము పొదిగింది' అని రాసేస్తుంటారు. భాష బాగానే ఉంటుంది, విషయమే అబద్ధం. గొంతులోంచి డప్పు కొట్టినట్టు మోత చేసేది ఆడది!

పేర్ల గందరగోళం మనకొక్కరికే లేదు. 'ఈము'కు మూలమని చెప్పే పోర్చుగీసు మాట 'ఎమా'. బ్రెజిల్‌లో ఈనాటికీ ఎమా అంటే దక్షిణ అమెరికా పక్షి రియా.

ఇంగ్లీషువాళ్లు పలికేది 'ఈమ్యూ' అని. ఆమధ్య మన జిల్లాల్లో ఫారాలు పెట్టి నష్టపోయిన రైతులు దాన్ని 'ఈము' చేసేశారు. డబ్బు పోయింది గానీ మాట మిగిలింది. చివర 'ము' ఉంది కదా అని గుర్రము–గుర్రం లాగా దీన్ని 'ఈం' అనం. ఇది పాము, చీము వరసలోది. పాములు, పాము గుడ్డు లాగే ఈములు, ఈము గుడ్డు. 'ఈమూలు' అని సాగదీయనక్కర్లేదు.

ఊళ్లలో 'ఈము కోడి' అంటారు. దాన్నీ నేను తప్పనను. నేలమీద తిరిగే పక్షిని కోడి అనడం మనకు పాత అలవాటే: అడవికోడి, నీటికోడి, గిన్నెకోడి. ఆ మాటకొస్తే, ఒకప్పుడు కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిభూముల్లో పేరుపడ్డ బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) 15 కిలోల దాకా తూగుతుంది, దాన్నీ మనం 'పిట్ట' అనే అంటున్నాం.