కువైట్‌లో పట్టుకున్నారు, ఇన్సులిన్ సరిగా ఇవ్వడం లేదు... ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది కడప దగ్గర పల్లె. మా ఆయనకు 46 ఏళ్లు, కువైట్‌లో డ్రైవర్. సేఠుతో పడక బయటికొచ్చి అకామా (అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి) లేకుండా రెండేళ్లు కల్లివల్లిగా, అంటే దొంగచాటుగా పనిచేశాడు. చెకింగ్‌లో పట్టుకుని 3 వారాలుగా డిపోర్టేషన్ సెంటర్లో (దేశం నుంచి పంపేసేముందు ఉంచేచోట) పెట్టారు. 6 ఏళ్లుగా రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాడు. అక్కడ ఒకరోజు ఇస్తారంట, ఒకరోజు లేదంట. ఒళ్లంతా దురద, దగ్గు కూడా ఉందంటున్నాడు. ఇక్కడి నుంచి నేనేం చేయగలను?

జవాబు: అమ్మా, అకామా లేకపోవడం తప్పే అయినా దానికి శిక్షగా మందు ఆపే హక్కు ఎవరికీ లేదు. ‘మన మనిషే తప్పు చేశాడు, ఏ మొహంతో అడుగుతాం’ అని మన దగ్గర చాలామంది నోరు మూసుకుని కూర్చుంటారు, నాకు బాధ కలిగేది అక్కడే. ఏ కారణంతో నిర్బంధించినా సరే, లోపలికి తీసుకున్నాక వీలైనంత త్వరగా డాక్టరు చూడాలని, వైద్యం ఉచితంగా అందాలని ఐక్యరాజ్యసమితి 1988లోనే చెప్పింది.

ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి అది ఆగితే రోజుల్లోనే ప్రమాదం రావచ్చు. నోరు ఎండిపోవడం, ఊరికే మూత్రం రావడం, వాంతులు, ఆయాసం, మత్తుగా పడి ఉండడం, వీటిలో ఏది మొదలైనా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లమని ఆయన గట్టిగా అడగాలి. ఇంజెక్షన్ వేసి తిండి ఆలస్యం చేసినా కష్టమే, చెమటలు పట్టి వణుకొస్తే వెంటనే నోట్లో వేసుకోవడానికి నాలుగు చక్కెర పొట్లాలైనా దగ్గర పెట్టుకోమనండి.

ఈరోజే చేయాల్సిన పని, ఇక్కడ ఆయన్ని చూసే డాక్టరు దగ్గర ఇంగ్లీషులో ఒక పేజీ రాయించండి. జబ్బు ఏంటి, ఎన్నేళ్లుగా, ఏ ఇన్సులిన్, ఉదయం ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని, ఆగితే ఏమవుతుంది. కంపెనీ పేరు అక్కడ దొరక్కపోవచ్చు, అందుకే మందు అసలు పేరు కూడా ఉండాలి. దానికి పాస్‌పోర్టు కాపీ జతచేసి కువైట్‌లోని మన ఎంబసీకి మెయిల్ చేయండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకీ చెప్పండి. ఇంకో ముఖ్యమైన సంగతి, 1963 వియన్నా ఒప్పందం ప్రకారం పట్టుబడిన మనిషి అడిగితే ఎంబసీకి కబురు చేయాల్సిందే. అంటే ఆయన నోరు తెరిచి అడగాలి, ఫోన్ వచ్చినప్పుడు ఈ మాట మర్చిపోకుండా చెప్పండి.

ఫోన్లో ‘ఎలా ఉన్నావ్’ అంటే మగవాళ్లు ‘బాగున్నా’ అనే అంటారు. అలా కాదు, నిన్న ఎన్నిసార్లు ఇంజెక్షన్ వేశారు, ఎన్నింటికి తిన్నావు, డాక్టరు చూశాడా, కాళ్లకు పుండ్లున్నాయా అని అడిగి, తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ‘మావాడికి బాగాలేదు’ అనే ఫిర్యాదు కంటే ‘ఫలానా తేదీల్లో 4 రోజులు ఇన్సులిన్ అందలేదు’ అనే కాగితాన్ని తోసేయడం కష్టం. లోపల ఏం జరుగుతోందో కనిపెట్టి ఉండే మనిషి ఇప్పటికి మీరే.

కాళ్ల గురించి ఊరికే అనలేదు. కిందటేడు అలా తిరిగొచ్చిన ఒకాయన బస్సు దిగి నేరుగా నా దగ్గరికొచ్చాడు. వేళ్ల సందులన్నీ గోకి గోకి పచ్చి పుండ్లు, కుడి బొటనవేలు నల్లబడిపోయింది. చెప్పులు పోతే 40 రోజులు వట్టి కాళ్లతోనే తిరిగాడంట. ఆ వేలు కాపాడలేకపోయాం.

ఇక దురద సంగతి. అది రాత్రిపూట, వేళ్ల సందుల్లో ఎక్కువగా ఉంటే గజ్జి కావచ్చు, కిక్కిరిసిన గదుల్లో తొందరగా అంటుకుంటుంది. పూత మందు ఆయన ఒక్కడికే కాదు, పక్కన పడుకునేవాళ్లకూ ఒకేసారి ఇవ్వాలి. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నా టీబీ పరీక్ష అడగాలి, షుగర్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ.

మీకూ నిద్ర పట్టడం లేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. టెన్షన్ భరించలేనట్టుంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన రాగానే బంధువుల ఇళ్లకు తిప్పకుండా మొదట ఆసుపత్రికి తీసుకురండి, షుగర్, కిడ్నీ, కళ్లు, కాళ్లు చూడాలి. టీబీ కోసం చేసే కళ్లె (కఫం) పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. ఆ నోటుబుక్కు కూడా వెంట తెండి.

- జనరల్ ఫిజీషియన్, కడప