సగం రేటుకే ఇల్లు మార్చిస్తామంటే నమ్మవచ్చా?

ప్రశ్న: ఉద్యోగం మారడంతో కుటుంబంతో సహా వేరే ఊరికి వెళ్తున్నాం. సామాను తరలించడానికి మూడు కంపెనీలను కొటేషన్ అడిగాం. రెండు దాదాపు ఒకేలా ఉన్నాయి. మూడోవాళ్లు మాత్రం అందులో సగానికే చేస్తామంటున్నారు. ఇంటికి రాకుండా ఫోన్లోనే రేటు చెప్పారు. సగం డబ్బు ఈరోజే పంపితే బుకింగ్ ఖాయమట. ఈ ఖర్చుకు అత్యవసర నిధిలోంచే తీయాలి కాబట్టి తక్కువదానికే మనసు లాగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ డబ్బు పంపకండి. ఈరోజు కాదు, రేపూ వద్దు.

ఇంట్లో ఏముందో చూడకుండా సరైన రేటు ఎవరూ చెప్పలేరు. అటక మీద ఎన్ని పెట్టెలున్నాయి, మంచాలు విప్పాలా, లిఫ్టు ఉందా, లారీ గుమ్మం దాకా వస్తుందా లేక సందు చివర ఆగిపోతుందా అన్నవి తేలితేనే ఎంత లారీ కావాలో, ఎంతమంది మనుషులు కావాలో తెలుస్తుంది. మనిషి వచ్చి చూడకపోయినా కనీసం వీడియో కాల్‌లో గది గదీ చూపించమని అడగాలి. ఇవేవీ అడగకుండా రేటు చెప్పారంటే అసలు రేటు తర్వాత చెబుతారని అర్థం. ఎప్పుడు చెబుతారన్నదే భయపెట్టే విషయం. సామాను ఎక్కించాక "మీరు చెప్పినదానికంటే ఎక్కువుంది" అంటారు. లేదా కొత్త ఇంటి ముందు లారీ ఆపి, ఇంకా ఇంత కడితేనే తలుపు తీస్తామంటారు. చాలా దేశాల్లో జరుగుతున్న మోసమే ఇది. పిల్లల పుస్తకాల నుంచి పరుపుల దాకా అన్నీ వాళ్ల దగ్గరుంటే అడిగినంతా ఇచ్చేయడం తప్ప ఆ క్షణంలో దారి కనిపించదు.

అందుకే కంపెనీని ఎంచుకునేటప్పుడు రేటు కంటే ముందు నేను ఒక్క విషయం చూడమంటాను. సామాను వాళ్ల లారీలో ఉన్న సమయంలో మీ చేతిలో ఏం మిగిలి ఉంటుంది? వాళ్లు సంతకం చేసిన కాగితం, మీరింకా కట్టని డబ్బు. ఈ రెండే మీ బలం. సగం డబ్బు ముందే పంపితే అందులో ఒకటి పోయినట్టే. బుకింగ్‌కు చిన్న మొత్తం, లోడింగ్ అయ్యాక కొంత, పెద్ద భాగం సామాను దిగి, సరిచూసుకున్నాక ఇచ్చేలా మాట్లాడుకోండి. అది కూడా కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాకే. ఎవరో వ్యక్తి పేరున్న ఖాతాకు పంపమంటే అక్కడే ఆగిపోండి.

ఇక కాగితం. మీ మిగతా రెండు కొటేషన్లు తీసి, అవి స్థిరమైన ధరో, అంచనానో చూడండి. అంచనా అయితే ఎంతవరకు పెరగొచ్చో రాసివ్వమనండి. బరువును బట్టి లెక్క అయితే ఖాళీ లారీకి, లోడు లారీకి తీసిన రెండు కాటా చీటీలూ అడగండి. ఆ రెండు తూకాల మధ్యలో డీజిల్ నింపితే ఆ బరువు కూడా మీ ఖాతాలో పడుతుంది. ఘనపుటడుగుల లెక్క అయితే మోసానికి చోటు ఇంకా ఎక్కువ. లారీలో వదులుగా సర్దితే అదే సామాను ఎక్కువ స్థలం పడుతుంది మరి. మెట్లు, దూరం మోత, గోడౌన్‌లో ఉంచినందుకు అద్దె లాంటివి విడిగా వేస్తారా అన్నది కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

లారీ వాళ్లదేనా, మనుషులు వాళ్లవాళ్లేనా అని సూటిగా అడగండి. చాలామంది ఆర్డరు మాత్రం తీసుకుని పనిని ఇంకొకరికి అప్పగిస్తారు. అది తప్పేమీ కాదు. కానీ ఏదైనా పగిలితే జవాబుదారీ ఎవరో ముందే తేలాలి. పేరున్న కంపెనీలకు ఒక్క అక్షరం అటూ ఇటూగా పేర్లు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసి, వీలైతే ఒకసారి ఆఫీసుకు వెళ్లి రండి. రివ్యూల్లో పొగడ్తలు వదిలేసి, వస్తువు పాడైనప్పుడు వాళ్లెలా స్పందించారో రాసినవే చదవండి.

లోడింగ్ రోజు ఒక పని మాత్రం ఇంకెవరికీ వదలకండి. సూపర్‌వైజర్ ఒక్కో వస్తువుకు నంబరు అంటించి, లిస్టులో దాని ఎదురుగా స్థితి రాస్తాడు. అక్కడ ప్రతి వస్తువుకూ "గీతలున్నాయి", "మూల దెబ్బతింది" అని వరసగా రాసేసే అలవాటు కొందరికి ఉంటుంది. చదవకుండా సంతకం చేస్తే, మీ కొత్త టేబుల్ దారిలో విరిగినా అది ముందే విరిగి ఉందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. తప్పు రాస్తే అక్కడికక్కడే కొట్టేయించి, ఫోన్లో ఫొటో తీసుకోండి. సామాను దిగేటప్పుడు అదే లిస్టు పట్టుకుని నంబర్లు టిక్కు పెట్టుకోండి. డ్రైవర్ ఎంత తొందరపెట్టినా, దెబ్బతిన్నవాటి సంగతి వాళ్ల కాపీ మీద రాశాకే సంతకం చేయండి.

"ఇన్సూరెన్స్ కలిపే" అన్న మాట వింటే నాకు టెన్షన్. రవాణా కంపెనీ బాధ్యత వేరు, బీమా వేరు. కంపెనీ బాధ్యత చాలాచోట్ల బరువు లెక్కన ఉంటుంది. అంటే తేలికైన ల్యాప్‌టాప్ పోతే వచ్చేది నామమాత్రమే. నిజమైన బీమా అయితే బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ ఉంటుంది. ఆ నంబరు తీసుకుని నేరుగా బీమా కంపెనీకే ఫోన్ చేసి కనుక్కోండి. ప్రీమియం ఆదా చేద్దామని విలువ తగ్గించి రాయొద్దు. సామాను విలువలో 60 శాతానికే బీమా చేస్తే, చిన్న నష్టానికి కూడా చాలా పాలసీలు 60 శాతమే ఇస్తాయి. మీరే సర్దిన పెట్టెల్లో ఏదైనా పగిలితే సాధారణంగా క్లెయిమ్ రాదు. గాజు సామాను వాళ్లచేతే ప్యాక్ చేయించండి. నగలు, ఒరిజినల్ పత్రాలు, హార్డ్ డిస్కులు మీతోనే ఉంచుకోండి.

విదేశానికి ఓడలో సామాను పంపే పాఠకులకు ఒక మాట. పాలసీలో "జనరల్ యావరేజ్" కవర్ ఉందో లేదో చూడండి. ఓడను, సరుకును ప్రమాదం నుంచి కాపాడటానికైన ఖర్చును ఓడ యజమానితో పాటు సరుకు యజమానులందరూ పంచుకోవాలన్నది సముద్ర వర్తకంలో పాత నియమం. 2021లో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ ఇరుక్కున్నప్పుడు దాన్నే ప్రకటించారు. తమ సరుకుకు ఏమీ కాకపోయినా హామీ ఇస్తేనే విడిపించుకోగలిగే పరిస్థితి వచ్చింది.

ఇప్పుడు అత్యవసర నిధి సంగతి. ముందు కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌ను అడగండి. ఇల్లు మారే ఖర్చు ఇచ్చే సంస్థలున్నాయి. కానీ పక్కా బిల్లు కావాలంటారు, బిల్లు లేని చౌక రేటు అక్కడ పనికిరాదు. తర్వాత సామాను తగ్గించండి. పాత బీరువాను తీసుకెళ్లే ఖర్చు, దాన్ని అమ్మితే వచ్చే డబ్బు పక్కపక్కన రాసి చూడండి. నెలాఖరు, సెలవు రోజులు వదిలేసి నెల మధ్యలో మారితే బేరం చేసే వీలూ ఎక్కువే. ఇంకా తక్కువైతే నిధిలోంచి తీయండి, తప్పేం లేదు. పర్సనల్ లోన్ కంటే అదే మేలు. అయితే కొత్త ఇంటి అడ్వాన్సు, మొదటి జీతం వచ్చేదాకా ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే ఎంత తీయాలో నిర్ణయించుకోండి. తీసినదాన్ని మొదటి జీతం నుంచే నెలనెలా వెనక్కి జమ చేయండి.

మిగిలిన రెండు కంపెనీలకు ఈరోజే ఫోన్ చేసి, ఇంటికి వచ్చి చూడమని, చెల్లింపు వాయిదాలు, డెలివరీ తేదీ రాసివ్వమని అడగండి. ఎవరు రాసిస్తే వాళ్లకే పని ఇవ్వండి, కాస్త ఎక్కువైనా సరే.